ఇంటి పన్ను క్యాలిక్యులేటర్: అంకె ఎలా వచ్చిందో చెప్పే పని

(ఉచిత సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే తెలుగు స్వచ్ఛంద కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ నుంచి టైపు చేసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి. మీలో సొంత ఇల్లు గానీ ఫ్లాటు గానీ ఉన్నవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. సరే, ఇంటి పన్ను ఏడాదికి ఎంత కడుతున్నారో తెలిసినవాళ్లు? దాదాపు అవే చేతులు. ఆ అంకె ఎలా వచ్చిందో తెలిసినవాళ్లు చేతులు అలాగే ఉంచండి, తెలియనివాళ్లు దించేయండి. చూశారా? రెండు చేతులు మిగిలాయి. అందులో ఒకాయన మునిసిపల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఆయన్ని లెక్కలోంచి తీసేద్దాం.

ఈ రోజు నేను మాట్లాడేది మనం తయారుచేస్తున్న ఇంటి పన్ను క్యాలిక్యులేటర్ గురించి కాదు. దాన్ని రాయడం పెద్ద కష్టం కాదు, ఇక్కడున్న కాలేజీ పిల్లలు ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. నాలుగు పెట్టెలు, ఒక బటన్, కింద ఒక అంకె, అంతేగా. దానికి రాయాల్సిన డాక్యుమెంటేషన్ గురించి, అంటే ఏ పెట్టెలో ఏం వేయాలో, అంకె ఎలా వచ్చిందో చెప్పే రాత గురించి మాట్లాడతాను. ఎందుకంటే, ఒక్కసారి ఆలోచించండి, మునిసిపాలిటీ పంపే నోటీసులో ఏముంటుంది? ఒక అంకె. మన క్యాలిక్యులేటర్ ఏమిస్తుంది? ఇంకో అంకె. రెండూ ఒకటే అయితే సరే. తేడా వస్తే? అప్పుడు ఆ ఇంటాయన ఏం చేయాలి? ఏ అంకెని నమ్మాలి? తేడా ఎక్కడ వచ్చిందో ఆయన వేలుపెట్టి చూపించగలగాలి. విస్తీర్ణంలో వచ్చిందా, రేటులో వచ్చిందా, ఇంటి వయసులోనా, పాత బకాయిలోనా? అది చూపించలేకపోతే ఆయన చేతిలో ఒక నోటీసు ఉండేది, ఇప్పుడు రెండు నోటీసులు ఉన్నాయి. అంతకంటే మనం చేసిన ఉపకారం ఏమీ లేదు.

కాబట్టి డాక్యుమెంటేషన్ ఎవరి కోసం? "యూజర్ గైడ్" అని మనం రాసేది సాధారణంగా ఎలా ఉంటుంది? "ఇక్కడ విస్తీర్ణం టైప్ చేయండి. ఇక్కడ క్లిక్ చేయండి." టైప్ చేయాలని ఆయనకి తెలీదా? ఏ విస్తీర్ణం టైప్ చేయాలో తెలీదు, అదీ సంగతి.

ఉదాహరణతో వెళ్దాం. హైదరాబాద్ తీసుకుందాం. అక్కడి నగర పాలక సంస్థే జీహెచ్‌ఎంసీ. జీహెచ్‌ఎంసీలో ఇంటి పన్నుకి మూలం అద్దె విలువ. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం నుంచి వస్తున్న పద్ధతి ఇది. ఆ ఇల్లు అద్దెకిస్తే సహేతుకంగా ఎంత వస్తుందో అది వార్షిక అద్దె విలువ, దాని మీద శాతం లెక్కన పన్ను. వినడానికి తేలిగ్గానే ఉంది కదా? ఇప్పుడు లెక్క వేద్దాం. రాసుకునేవాళ్లు రాసుకోండి.

వెయ్యి చదరపు అడుగుల ఇల్లు. చదరపు అడుగుకి నెలకి 80 పైసలు అనుకుందాం. నెల అద్దె విలువ 800 రూపాయలు. ఏడాదికి 9,600. ఇల్లు కట్టి 25 ఏళ్లు దాటలేదు కాబట్టి పది శాతం తరుగు, అంటే కట్టడం పాతబడినందుకు ఇచ్చే తగ్గింపు, తీసేస్తే 8,640. దాని మీద 30 శాతం, 2,592 రూపాయలు. దాని మీద 8 శాతం లైబ్రరీ సెస్, 207 రూపాయల 36 పైసలు. మొత్తం 2,799 రూపాయల 36 పైసలు. ఇది ఏడాదికి. సగం చేస్తే అర్ధ సంవత్సరానికి 1,399 రూపాయల 68 పైసలు.

నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు. వెయ్యి అడుగుల ఇంటికి నెలకి 800 రూపాయల అద్దెనా? ఎక్కడండీ, చెప్పండి, ఈ మీటింగ్ అవగానే వచ్చేస్తాం అంటారు. అదే నేను చెప్పబోయే మొదటి విషయం. చట్టంలో ఉన్నది "సహేతుకంగా రాగల అద్దె". ఆచరణలో లెక్కకి తీసుకునేది ఆ ప్రాంతానికి, ఆ రకం కట్టడానికి కార్పొరేషన్ చదరపు అడుగుకి ఖరారు చేసిపెట్టిన రేటు. అవి నివాస గృహాలకి ఏళ్ల తరబడి మారలేదు. బయట అద్దెలేమో ఎక్కడికో వెళ్లిపోయాయి. మన క్యాలిక్యులేటర్‌లో పెట్టె పక్కన "నెల అద్దె" అని మాత్రమే రాశామనుకోండి. ఆ ఇంటాయన ఏం టైప్ చేస్తాడు? తనకి వస్తున్న అద్దె, ఇరవై వేలు అని కొడతాడు. అప్పుడేమవుతుంది? ఏడాదికి 2,40,000. తరుగు పోగా 2,16,000. 30 శాతం 64,800. సెస్‌తో కలిపి 69,984. దాదాపు డెబ్బై వేల ఇంటి పన్ను! ఆయనకి బీపీ పెరిగితే ఎవరిది బాధ్యత? కోడ్‌లో బగ్ లేదు. సూత్రం తప్పు కాదు. పెట్టె పక్కన ఒక్క వాక్యం లేదు, అంతే. "ఇది మీకు వస్తున్న అద్దె కాదు. మీ ప్రాంతానికి కార్పొరేషన్ నిర్ణయించిన చదరపు అడుగు రేటు. సాధారణంగా పైసల్లో, లేదా ఒకటి రెండు రూపాయల్లో ఉంటుంది." ఈ మూడు వాక్యాలు పెట్టె పక్కనే ఉండాలి. లోపల పదో పేజీలో ఉంటే ఉన్నట్టు కాదు.

ఆ రేటు ఎక్కడ దొరుకుతుంది అని మీరు అడగాలి. అడగండి. ఆ రేటు తెలుసుకోవడానికి రెండు దారులు. ఒకటి, మీ ప్రాంతపు కార్పొరేషన్ ఆఫీసులో, అంటే సర్కిల్ ఆఫీసులో అడగడం. రెండోది, పన్ను ఎంతో నిర్ణయించి ఇచ్చిన పాత అసెస్‌మెంట్ కాగితం నుంచి వెనక్కి లెక్క కట్టుకోవడం. మన వెయ్యి అడుగుల ఇంటి లాంటిదానికైతే, ఏడాది మొత్తం పన్నుని 1.08తో భాగిస్తే సెస్ పోతుంది. 0.30తో భాగిస్తే అద్దె విలువ వస్తుంది. 0.90తో భాగిస్తే తరుగుకి ముందు విలువ. 12తో, ఆ తర్వాత విస్తీర్ణంతో భాగిస్తే రేటు చేతికొస్తుంది. ఈ వెనక్కి లెక్క డాక్యుమెంటేషన్‌లో కచ్చితంగా ఉండాలి అంటాను నేను. చాలామంది దీన్ని రాయరు. ముందుకి వెళ్లే సూత్రం రాసి ఊరుకుంటారు. కానీ ఇంటాయన దగ్గర ఉన్నదేమిటి? జవాబు ఉంది, ప్రశ్న లేదు. ఆయనకి వెనక్కి వెళ్లే దారే కావాలి.

తర్వాత విస్తీర్ణం. ప్లింత్ ఏరియా అంటారు. బాల్కనీలు, కార్ షెడ్డు లాంటివి కూడా కలిసిన కట్టడ విస్తీర్ణం. మన ఇళ్లలో ఎన్ని విస్తీర్ణాలు ఉంటాయో మీకు తెలియనిది కాదు. బిల్డర్ బ్రోచర్‌లో ఒకటి, సేల్ డీడ్‌లో ఒకటి, ప్లాన్‌లో ఒకటి, టేపు పెట్టి కొలిస్తే ఇంకొకటి. కామన్ ఏరియా కలిపిందొకటి, కలపనిదొకటి. వెయ్యి అడుగులకి బదులు 1,200 అని పెడితే పన్ను 20 శాతం పెరుగుతుంది. దానికి పెద్ద గణితం అక్కర్లేదు. కాబట్టి ఏ కాగితంలో ఏ వరుస చూడాలో చెప్పాలి. "మీ అసెస్‌మెంట్‌లో ఉన్న విస్తీర్ణం ముందు వేసి చూడండి, తర్వాత కొలిచిన విస్తీర్ణం వేసి చూడండి" అని చెప్పాలి. రెండింటికీ తేడా ఎంతో కనబడితే అప్పుడు ఆఫీసుకి వెళ్లాలా వద్దా అనేది ఆయనే తేల్చుకుంటాడు.

జీహెచ్‌ఎంసీ బయటి మునిసిపాలిటీల సంగతి ఇంకా సున్నితం. అక్కడ 2019 నాటి తెలంగాణ మునిసిపాలిటీల చట్టం. ఇంటి యజమానే తన ఇంటి వివరాలు స్వయంగా ధ్రువీకరించి ఇవ్వాలి. అందులో తప్పుడు వివరాలు ఇచ్చినట్టు తేలితే పన్నుకి 25 రెట్లు జరిమానా. ఇరవై ఐదు రెట్లు! మన క్యాలిక్యులేటర్‌లో ఏదో అంకె వేసి, అదే అంకె అక్కడ సంతకం పెట్టి ఇచ్చేస్తే? అందుకే నేను మళ్లీ మళ్లీ చెప్తున్నాను, విస్తీర్ణం అన్న పెట్టె దగ్గర బద్ధకించకండి. అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. 75 చదరపు గజాల లోపు స్థలంలో కట్టుకున్న చిన్న ఇంటికి ఏడాదికి వంద రూపాయలే పన్ను. అలాంటి ఇంటికి సూత్రం నడిపించి 640 రూపాయలు అని చూపించామంటే మనం ఆ ఇంటివాళ్లకి మేలు చేశామా, భయం పెట్టామా?

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తున్నాను. శ్లాబులు, అంటే అద్దె విలువని బట్టి మారే రేటు మెట్లు. జీహెచ్‌ఎంసీ నివాస గృహాలకి నెల అద్దె విలువ 50 రూపాయల దాకా పన్ను లేదు. 51 నుంచి 100 దాకా 17 శాతం. 101 నుంచి 200 దాకా 19. 201 నుంచి 300 దాకా 22. 300 దాటితే 30 శాతం. ఇందులో చిక్కు ఎక్కడుందో ఎవరైనా చెప్తారా? ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు చెప్పండి. అక్కడ ఒక శ్లాబు దాటితే దాటిన భాగానికే ఎక్కువ రేటు. ఇక్కడ ప్రచురించిన సూత్రం చదివితే, మొత్తానికి ఒకే రేటు. నెలకి 300 అయితే ఏడాదికి 3,600, దాని మీద 22 శాతం 792. నెలకి 301 అయితే ఏడాదికి 3,612, దాని మీద 30 శాతం 1,083 రూపాయల 60 పైసలు. నెలకి ఒక్క రూపాయి విలువ పెరిగితే పన్ను దాదాపు మూడొందలు పెరిగింది. మన కోడ్ రాసే కుర్రాడు ఇన్‌కమ్ ట్యాక్స్ పద్ధతి మనసులో పెట్టుకుని శ్లాబు శ్లాబుకీ విడివిడిగా లెక్క కట్టాడనుకోండి, జవాబు పూర్తిగా మారిపోతుంది. రెండూ చూడడానికి "శ్లాబు రేటు ప్రకారం" లెక్కలే. అందుకే డాక్యుమెంట్‌లో "శ్లాబు ప్రకారం" అని రాస్తే చాలదు. "మొత్తం విలువకి ఒకే రేటు" అని రాసి, పక్కన 300కి, 301కి రెండు లెక్కలూ వేసి చూపించాలి.

ఇంకో చిక్కు. తరుగు ముందా, శ్లాబు ముందా? 400 అడుగుల చిన్న ఇల్లు, అదే 80 పైసల రేటు. నెలకి 320. ఏడాదికి 3,840. ముందు శ్లాబు చూస్తే 300 దాటింది, 30 శాతం, 1,152. అందులో పది శాతం తీసేస్తే 1,036 రూపాయల 80 పైసలు. ముందు తరుగు తీస్తే? 3,840లో పది శాతం పోగా 3,456. అంటే నెలకి 288. 300 దాటలేదు! 22 శాతం, 760 రూపాయల 32 పైసలు. అవే మూడు అంకెలు, వరుస మారిస్తే 276 రూపాయల తేడా. వెయ్యి అడుగుల ఇంటికి ఈ తేడా రాదు, ఎందుకంటే అటు చేసినా ఇటు చేసినా 30 శాతంలోనే ఉంటుంది. పెద్ద ఇంటితో మాత్రమే పరీక్షించి "టూల్ బాగా పనిచేస్తోంది" అనుకుంటే ఈ చిన్న ఇల్లు బయటపడదు.

ఆగండి, కథ ఇంకా అవలేదు. వెనక నుంచి ఎవరో "నూటొక్క రూపాయి" అంటున్నారు. భలే పట్టుకున్నారండీ! అవును. జీహెచ్‌ఎంసీలో ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను పడే నివాసాలకి ప్రభుత్వం రాయితీ ఇచ్చి 101 రూపాయలు చేసింది. అంటే నేను ఇంతసేపు చెప్పిన 400 అడుగుల ఇంటికి 1,036 కాదు, 760 కాదు, 101. రెండు లెక్కలూ అక్కడికే వెళ్లాయి. అప్పుడు అసలైన గట్టు ఎక్కడుంది? 1,200 దగ్గర ఉంది. ఇవతల 101, అవతల 1,200 పైచిలుకు. ఇంకో తమాషా చూడండి. 22 శాతం శ్లాబులో పడగల అతి పెద్ద పన్ను ఎంత? 3,600 మీద 792. అంటే 17, 19, 22 శాతం శ్లాబులో ఉన్న ఏ ఇంటికీ 1,200 దాటదు. ఆ మూడు శ్లాబులూ ఈ రాయితీ ఉన్నంతకాలం నివాస బిల్లుల్లో అసలు కనబడవు!

మరి కనబడని శ్లాబులు డాక్యుమెంట్‌లో రాయాలా, తీసేయాలా? మా బృందంలో దీని మీద గట్టి వాదన జరిగింది. తీసేద్దాం, జనాన్ని ఎందుకు గందరగోళం పెట్టడం అన్నారు కొందరు. నా అభిప్రాయం, రాయాలి. శ్లాబులు చట్టంలో ఉన్నాయి. 101 అనేది ప్రభుత్వం ఇచ్చిన రాయితీ. ఉత్తర్వుతో వచ్చింది ఉత్తర్వుతో పోగలదు. పోయిన రోజున ఆ చిన్న ఇంటివాళ్లకి మొదట కావాల్సింది ఆ శ్లాబుల లెక్కే. అందుకే టూల్ రెండు వరుసలు చూపించాలి. "సూత్రం ప్రకారం పన్ను ఇంత. రాయితీ తర్వాత కట్టాల్సింది ఇంత." రెండో వరుస పక్కన ఆ రాయితీ ఎక్కడి నుంచి వచ్చిందో ఒక మాట.

ఒక పక్కదారి పడతాను, రెండు నిమిషాలు. ఆ 30 శాతంలో ఏముందో తెలుసా? 15 శాతం సాధారణ పన్ను. 9 శాతం పారిశుధ్యానికి. 3 శాతం వీధి దీపాలకి. 3 శాతం డ్రైనేజీకి. మన వెయ్యి అడుగుల ఇంటికి 2,592లో వీధి దీపాల వాటా 259 రూపాయల 20 పైసలు. డ్రైనేజీకీ అంతే. ఇక ఆ పైన లైబ్రరీ సెస్. ఇది 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యేది, పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్ల ఉద్యమం ఎక్కడిదాకా వచ్చిందంటే, ఈ రోజు మీ ఇంటి పన్ను రసీదులో ఒక వరుసగా ఉంది. మీ పేట గ్రంథాలయంలో కుర్చీ విరిగితే అడిగే హక్కు మీకుంది, ఎందుకంటే ఏడాదికి 207 రూపాయలు ఇస్తున్నారు. కాబట్టి టూల్‌లో ఈ వరుసలన్నీ విడివిడిగా చూపించండి. కలిపి ఒక్క అంకె చూపిస్తే ఇవన్నీ మాయమైపోతాయి. సరే, దారిలోకి వస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ వైపు వెళ్దాం. అక్కడ పట్టణాల్లో 2021 ఏప్రిల్ 1 నుంచి పద్ధతే మారిపోయింది. అద్దె విలువ పోయి మూలధన విలువ వచ్చింది. 2020లో మునిసిపల్ చట్టాలు సవరించారు, ఆ నవంబరు 24న 198 నంబరు జీవోతో నిబంధనలు ఇచ్చారు. రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువల ప్రకారం స్థలం విలువ, కట్టడం విలువ కలిపి, దాని మీద శాతం. నివాసాలకి 0.10 నుంచి 0.50 శాతం లోపల ఏ పట్టణానికి ఆ పట్టణం నిర్ణయించుకోవాలి. నివాసేతరానికి 0.20 నుంచి 2 శాతం. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో సొంతంగా ఉంటున్నవాళ్లకి ఏడాదికి 50 రూపాయలు.

ఇక్కడ క్యాలిక్యులేటర్ రాసేవాళ్లు చాలామంది ఎక్కడ ఆగిపోతారంటే, విలువ ఇంటూ శాతం, అయిపోయింది అంటారు. 30 లక్షల విలువ, 0.15 శాతం, 4,500 రూపాయలు. కానీ ఇంటికొచ్చిన నోటీసులో 4,500 ఉండదు. ఎందుకని? కొత్త లెక్క ప్రకారం పన్ను ఎంత పెరిగినా, ఏడాదికి అంతకుముందు కట్టిన దాని మీద 15 శాతం మించి పెంచకూడదని నిబంధన. పాత పన్ను రెండు వేలు అనుకోండి. మొదటి ఏడాది 2,300. తర్వాత 2,645. తర్వాత 3,041 రూపాయల 75 పైసలు. ఆపైన దగ్గర దగ్గర 3,498, ఆపైన 4,023. ఆరో ఏడాది 15 శాతం వేస్తే 4,626 వస్తుంది, అది 4,500 దాటింది కాబట్టి 4,500 దగ్గర ఆగుతుంది. అదీ మధ్యలో మార్కెట్ విలువలు పెంచకపోతే. పెంచితే ఆ 4,500 కూడా పైకి జరుగుతుంది.

అంటే ఏమైంది? పాత పన్ను ఎంతో అడగని క్యాలిక్యులేటర్ ఇచ్చే అంకె ఐదేళ్లపాటు ఏ నోటీసులోనూ కనబడదు. సూత్రం సరైనదే, జవాబు ఎవరికీ పనికిరాదు. "ఏటా 15 శాతం పెరుగుతూనే ఉంది, ఇది ఎక్కడ ఆగుతుంది?" అని జనం అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆగే అంకె ఎంతో, ఏ ఏడాది ఆగుతుందో మన టూల్ చూపించగలదు. పాత పన్ను అనే పెట్టె ఒక్కటి చేరిస్తే చాలు.

ఆ పెట్టె దగ్గర కూడా ఒక గుంట ఉంది. రసీదు మీద ఉండేది చాలాసార్లు అర్ధ సంవత్సరం పన్ను. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకటి. ఇంటాయన రసీదు చూసి వెయ్యి అని కొడతాడు, టూల్ దాన్ని ఏడాది పన్ను అనుకుంటుంది, అంతా సగానికి సగం తప్పు. పెట్టె పక్కన రెండు బటన్లు పెట్టండి, "ఆరు నెలలకి", "ఏడాదికి". అది డిజైన్ కదా, డాక్యుమెంటేషన్ ఎలా అవుతుంది అంటారేమో. నా మటుకు నాకు రెండింటి మధ్య గోడ లేదు. చదవనక్కర్లేకుండా చేసిన డాక్యుమెంటేషనే మంచి డిజైన్.

ఇక అన్ని ఊళ్లకీ ఒకే టూల్ పెట్టేద్దాం అనే ఉత్సాహం కొందరికి ఉంటుంది. చూశారుగా, హైదరాబాద్‌ది ఒక తర్కం, విజయవాడది ఇంకో తర్కం. మనవాళ్లు లక్షల్లో ఉన్న బెంగళూరులో 2008 నుంచి యూనిట్ ఏరియా పద్ధతి, ప్రాంతాలని ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు జోన్లు చేసి అడుగుకి రేటు పెట్టారు. గ్రామ పంచాయతీలకి మళ్లీ వేరే నిబంధనలు. "ఈ టూల్ ఏ ఊరికి, ఏ రకం కట్టడానికి, ఏ తేదీ నాటి నిబంధనల ప్రకారం" అన్నది పైనే, పేరు కిందే ఉండాలి. ముఖ్యంగా తేదీ. తేదీ లేని పన్ను లెక్కని నేను నమ్మను, మీరూ నమ్మకండి.

టూల్ చేయని పనులు కూడా రాయాలి. "ఇది అంచనా మాత్రమే, మేము బాధ్యులం కాము" అని అడుగున చిన్న అక్షరాల్లో రాసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. అది మనల్ని కాపాడుకోవడానికి రాసేది, ఆయనకి పనికొచ్చేది కాదు. ఏది కలపలేదో పేరు పెట్టి చెప్పండి. బకాయిల మీద నెలకి రెండు శాతం వడ్డీ కలపలేదు. 1,400 బకాయి ఉంటే నెలకి 28 రూపాయలు, మీరే కలుపుకోండి. ఏప్రిల్‌లో ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కడితే వచ్చే ఐదు శాతం రాయితీ తీయలేదు. అది ఈ ఏడాది పన్నుకే, పాత బకాయికి వర్తించదు. అనుమతి లేకుండా కట్టిన అంతస్తుకి పడే జరిమానా కలపలేదు. ఇంకో మాట కూడా రాయండి, ఆ జరిమానా కట్టినంత మాత్రాన ఆ అంతస్తు సక్రమం అయిపోదు. చాలామంది ఆ భ్రమలో ఉన్నారు. పన్ను రసీదు ఉంది కాబట్టి ఇల్లు నాదే అని వాదించేవాళ్లూ ఉన్నారు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. మన టూల్ ఇచ్చే ప్రింటవుట్ అసలే కాదు.

ఇక పరీక్షలు. కోడ్ రాసేవాళ్లు ఇది కొంచెం శ్రద్ధగా వినండి. డాక్యుమెంట్‌లో ఉన్న ప్రతి ఉదాహరణనీ కోడ్‌కి పరీక్షగా పెట్టండి. 300, 301. 400 అడుగుల ఇల్లు. 25 ఏళ్ల ఇల్లు, 26 ఏళ్ల ఇల్లు, ఎందుకంటే 25 దాటితే తరుగు పది నుంచి ఇరవై శాతానికి, 40 దాటితే ముప్ఫైకి మారుతుంది. 375 అడుగులు, 376 అడుగులు. పన్ను 1,199, 1,201. ఇవన్నీ డాక్యుమెంట్‌లో జనం చదవడానికి ఉంటాయి, కోడ్‌లో యంత్రం నడపడానికి ఉంటాయి. ఎవరైనా రేటు మార్చి డాక్యుమెంట్ మార్చకపోతే పరీక్ష ఫెయిలవ్వాలి. అప్పుడు రెండూ విడిపోవు. ఇది కొత్త సంగతేం కాదు, మీలో చాలామంది చేస్తున్నదే, ఎక్కువ చెప్పను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. డోర్ నంబరు అడగకండి. జీహెచ్‌ఎంసీలో ఇంటికి పీటీఐఎన్ అని పది అంకెల గుర్తింపు ఉంటుంది, అదీ అడగకండి. లెక్క కట్టడానికి అవి ఎందుకు? అక్కర్లేదు. లెక్కంతా వాళ్ల ఫోన్‌లోనే జరగాలి, ఏ అంకె బయటకి పోకూడదు, ఆ మాట మొదటి పేజీలో రాయాలి. "ఎక్కువ అడుగులు వేసి చూశాను, ఇప్పుడు బిల్ కలెక్టర్ వస్తాడా?" అనే భయం జనానికి నిజంగా ఉంటుంది. ఆ భయం ఉన్నవాడు నిజమైన విస్తీర్ణం వేయడు.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

ఆ, అమ్మా, చెప్పండి. "అద్దెకున్నవాళ్లకి ఇది ఎందుకు?" అంటున్నారు. మంచి ప్రశ్న. అద్దె ఒప్పందంలో "మునిసిపల్ పన్నులు అద్దెదారు భరించాలి" అని రాయించుకునేవాళ్లు ఉంటారు, దుకాణాల్లో మరీ ఎక్కువ. నివాసం కాకుండా దుకాణం అయితే లెక్క వేరే, మన టూల్ దాన్ని చేయదు. ఇంటికైతే, మీ దగ్గర అడుగుతున్న మొత్తం ఈ ఏడాది పన్నా, ఓనరు గారి పాత బకాయి కూడా కలిపారా అనేది చూసుకోవచ్చు. మీ పోర్షన్ అడుగులు వేసి లెక్క కట్టండి, చాలు.

వెనక వరసలో బాబూ. "టూల్ 1,399.68 అంటోంది, బిల్లులో 1,400 ఉంది, ఏది కరెక్ట్?" రెండూ కరెక్టే నాయనా. ఆఫీసులో రూపాయికి సవరిస్తారు. కానీ ఎక్కడ సవరిస్తున్నారో చూడు. ఒక్కో వరుస దగ్గర సవరించి కలిపితే ఒక మొత్తం వస్తుంది, చివర ఒక్కసారే సవరిస్తే ఒకటి రెండు రూపాయల తేడాతో ఇంకో మొత్తం వస్తుంది. మన టూల్ చివర్లో ఒక్కసారే సవరించాలి, పైసలతో ఉన్న అంకెని కూడా పక్కన చూపించాలి. "రెండు మూడు రూపాయల లోపు తేడా అయితే సవరింపు వల్లే. అంతకంటే ఎక్కువైతే ముందు విస్తీర్ణం, తర్వాత రేటు, తర్వాత ఇంటి వయసు, ఆ వరుసలో సరిచూసుకోండి" అని ఫలితం కిందే రాద్దాం. ఆ వాక్యం ఇంకా మన డ్రాఫ్టులో లేదు. నువ్వే చేర్చి పంపు, నేను చూస్తాను.